గెడ్డకు కావలి ఎవరు?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు గోదావరిని ఎన్నడూ చూడనివారికి కూడా నోటికి వస్తాయి. ఎగువన ఎక్కడో మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసిన వాన అక్కడికి చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా కేంద్ర జల సంఘం లెక్కలు కడుతుంది, కలెక్టరు సమీక్ష జరుపుతారు, టీవీ కెమెరాలు కరకట్ట మీదికి చేరుకుంటాయి. పెద్ద నది వరద ఒక రకంగా మర్యాదస్తురాలు, కబురు పెట్టి మరీ వస్తుంది.

విశాఖపట్నం గెడ్డలకు ఆ మర్యాద లేదు. మిగతా తెలుగు నేల వాగు అనేదాన్ని ఉత్తరాంధ్ర గెడ్డ అంటుంది. ఏడాదిలో చాలా నెలలు అది మురుగు మోసే కాలువ, పిల్లలు దాటి బడికి పోయే దారి, చెత్త పారబోసే చోటు. కొండమీద గట్టి వాన పడిన రోజు మాత్రం గంట తిరగకముందే దిగువ వీధుల్లో మోకాలిలోతు నీరు నిలుస్తుంది. ఈ గెడ్డకు మొదటి హెచ్చరిక ఎన్ని అడుగులకు అని అడిగితే, గట్టుమీద ముప్పై ఏళ్లుగా ఉంటున్నవారు కూడా చెప్పలేరు. అలాంటి అంకె ఒకటి ఉండాలని ఎవరూ అనుకోలేదు మరి.

ఆ అంకెను తయారు చేయడంలో, దాన్ని కనిపెట్టుకుని ఉండడంలో గెడ్డ ఒడ్డున ఉన్న ఒక మామూలు వ్యాపారం ఏం చేయగలదన్నదే ఇక్కడి ప్రశ్న. వర్క్‌షాపు, పెట్రోలు బంకు, గోదాము, రొయ్యల శుద్ధి కర్మాగారం, ఏదైనా కావచ్చు. డబ్బిచ్చి పరికరం కొనిపెట్టడం చాలామందికి మొదట తోచే జవాబు. నిజానికి అది ఆ వ్యాపారం చేయగల పనుల్లో అన్నిటికంటే చిన్నది.

ముందు నేల సంగతి. విశాఖ ఒక చిప్పలాంటి ఊరు. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరుస, దక్షిణాన యారాడ కొండ, నడుమ పల్లం. ఒకప్పుడు ఉప్పుటేరు పారిన బురద నేలను తవ్వి 1933లో ఇన్నర్ హార్బర్ తెరిచారు. పడమటి నుంచి వచ్చే మేఘాద్రి గెడ్డ, నారవ గెడ్డ నీరు విమానాశ్రయం పక్కగా సాగి ఆ హార్బర్‌లోకే చేరుతుంది. కొండవాలులో నీరు పరుగెత్తుతుంది, పల్లంలో చతికిలబడుతుంది, చివర సముద్రం పోటు మీద ఉంటే వెనక్కి నెడుతుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. మునిగింది విశాఖ. మర్నాటి ఉదయానికి నగరంలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షం నమోదైంది. ఏడాది మొత్తం మీద పడవలసిన దానిలో పావు వంతుకు మించిన వాన ఒక్క రాత్రిలో పడిందన్నమాట. పెందుర్తి, గాజువాక వైపు కాలనీలు, విమానాశ్రయం నీట మునిగాయి. తుఫాను కన్ను ఎక్కడుందో టీవీలో చూస్తూ కూర్చున్నవారికి తమ గుమ్మం ముందున్న గెడ్డ గుర్తుకు రాలేదు.

గెడ్డ ఎంత వేగంగా పొంగుతుందో ఇంజనీర్ల పాత సూత్రాలతో ఉజ్జాయింపుగా లెక్క కట్టవచ్చు. 10 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం, అందులో సగానికి పైగా కొండరాయి, సిమెంటు రోడ్లు, డాబాలు అనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే, పడినదానిలో 60 శాతం నేలలో ఇంకకుండా పారిందనుకున్నా దిగువ కల్వర్టు దగ్గర సెకనుకు 83 ఘనపు మీటర్లు, అంటే సుమారు 2,900 క్యూసెక్కుల ప్రవాహం వస్తుంది. కొండ శిఖరం నుంచి ఆ కల్వర్టుకు 5 కిలోమీటర్ల దూరం, 150 మీటర్ల ఎత్తు తేడా ఉంటే, అన్నిటికంటే దూరాన పడిన చినుకు కిందికి చేరడానికి పట్టేది 53 నిమిషాలు. హెచ్చరికకు చేతిలో ఉన్న కాలమంతా అదే. ఆ 53 నిమిషాల్లోనే ఎవరో చూడాలి, ఎవరికో చెప్పాలి, వారు నమ్మాలి, మంచం మీదున్న ముసలమ్మను మేడమీదికి చేర్చాలి.

అధికారిక వ్యవస్థ లేదని కాదు. విశాఖలోనే భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. కైలాసగిరి మీద వాన మేఘాలను కనిపెట్టే డాప్లర్ రాడార్ ఉంది. దక్షిణాసియా దేశాలకు మెరుపు వరదల, అంటే గంటల్లోనే హఠాత్తుగా ముంచెత్తే వరదల, సూచన ఇచ్చే వ్యవస్థను 2020 అక్టోబరులో వాతావరణ శాఖ ప్రారంభించింది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతుంది. వీటి చూపు జిల్లాల మీద, మండలాల మీద ఉంటుంది. ఏ కల్వర్టు కింద ఎంత చెత్త అడ్డుపడిందో, ఏ సందులో గెడ్డ గట్టు కోసుకుపోయిందో వాటికి కనబడదు, కనబడాలని ఆశించడమూ న్యాయం కాదు. వాన తీవ్రతను చెప్పే పద్ధతిలో కూడా ఒక చిక్కుంది. ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ వర్షం. అదే వాన రోజంతా నిదానంగా పడితే గెడ్డ మోసుకుపోతుంది, మూడు గంటల్లో కుమ్మరిస్తే ఊరు మునుగుతుంది. 24 గంటల మొత్తంలో ఈ తేడా కనబడదు.

ఇక రాడార్‌కూ తన కష్టాలున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీద తీరం దాటినప్పుడు కైలాసగిరి రాడార్ ఆ గాలికి దెబ్బతిని మూగబోయింది. నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఏ కబురైనా ఇంటర్నెట్ మీదే నడవాలని కట్టుకున్న వ్యవస్థ అటువంటి రోజున ఎందుకూ కొరగాదు.

చిన్న ప్రవాహాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2024లో విజయవాడ చూసింది. అందరి కళ్లూ ప్రకాశం బ్యారేజీ మీద ఉండగా ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఊరిని ముంచింది పక్కనున్న బుడమేరు. కృష్ణకు గేజీలున్నాయి, గేట్లున్నాయి, లెక్కలున్నాయి. గండ్లు పడిన బుడమేరు నీరు సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చేదాకా అక్కడివారికి ఆ సంగతి తెలియదు.

వ్యాపారి అవసరం ఇక్కడే. గెడ్డ ఒడ్డున పగలూ రాత్రీ మనిషి ఉండే చోట్లు చాలా తక్కువ. ఇళ్లవారు నిద్రపోతారు, కార్యాలయాలకు తాళం పడుతుంది. గోదాముకు మాత్రం కాపలాదారు ఉంటాడు. పెట్రోలు బంకులో రాత్రంతా దీపం వెలుగుతుంది. శీతల గిడ్డంగికి జనరేటరు తప్పదు. ఆటోనగర్ వర్క్‌షాపులో ఇనుప పెట్టె చేయగలవారు, తుప్పు పట్టిన బోల్టు విప్పగలవారు, బ్యాటరీ చచ్చిందో బతికిందో ఒక్క చూపులో చెప్పగలవారు ఉంటారు. హెచ్చరిక వ్యవస్థలు ఎక్కువగా చెడిపోయేది సాంకేతిక విజ్ఞానం లేక కాదు, ఈ చిన్న పనులు చేసే దిక్కు లేక. పైగా వ్యాపారికి స్వార్థం ఉంది. వరదొస్తే ముందు తడిసేది అతని సరుకే. ఈ స్వార్థాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. దానధర్మం మీద నడిచే పని ఉత్సాహం చల్లారగానే ఆగిపోతుంది, సరుకు మీద భయం మాత్రం ప్రతి వానకాలమూ కొత్తగా పుడుతుంది.

పరికరాలు రెండు రకాలు. కొండమీద వానను కొలిచేది ఒకటి, కింద నీటిమట్టాన్ని కొలిచేది మరొకటి. వానమాపకం ముందుగా చెబుతుంది కానీ దాని మాటలో అనుమానం ఎక్కువ, ఎందుకంటే వాన పడినంత మాత్రాన గెడ్డ పొంగాలని లేదు. పదిరోజుల ఎండ తరువాత పడిన వానను నేల తాగేస్తుంది. మట్టమాపకం చెప్పేది నిజమే కానీ ఆలస్యంగా చెబుతుంది. గెడ్డకు సగం దారిలో పెడితే చేతిలో మిగిలేది అరగంట కూడా కాదు. అందుకని రెండూ కావాలి: మొదటిది కాపలాదారును లేపడానికి, రెండోది ఊరిని లేపడానికి. పదిహేను నిమిషాలకు ఒకసారి కొలిచే పరికరం పెద్ద నదికి చాలు. 53 నిమిషాల గెడ్డలో అది పావు వంతుకు పైగా కాలాన్ని నిద్రలోనే గడిపేస్తుంది. మామూలు రోజుల్లో మెల్లగా, నీరు లేవడం మొదలవగానే నిమిషానికోసారి కొలిచేలా దాన్ని అమర్చాలి.

చవకగా దొరికే మట్టమాపకం శబ్ద తరంగాన్ని నీటిమీదికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కడుతుంది. గాలిలో శబ్దవేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ప్రతి డిగ్రీకి సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. ఉష్ణోగ్రతను సరిచూడని పరికరం 5 మీటర్ల ఎత్తున ఉంటే, మధ్యాహ్నపు ఎండకూ వాన రాత్రికీ మధ్య 10 డిగ్రీల తేడాలోనే 8 సెంటీమీటర్లకు పైగా తప్పు చెబుతుంది. మైక్రోవేవ్ తరంగాలతో కొలిచే రాడార్ రకానికి ఈ బాధ లేదు, ధర మాత్రం ఎక్కువ. ఏ రకమైనా, పక్కనే వంతెన స్తంభం మీద మామూలు కొలబద్ద గీతలు పెయింటుతో వేయడం తప్పనిసరి. యంత్రం చెప్పింది నిజమో కాదో టార్చిలైటు వేసి చూడగలిగిన మనిషికే తెలుస్తుంది.

కల్వర్టు సంగతి మరింత తమాషాగా ఉంటుంది. విశాఖ గెడ్డల్లో నీటితో పాటు ప్లాస్టిక్ సంచులు, థర్మోకోల్, కొబ్బరి బోండాలు, ఒక్కొక్కసారి పరుపులు కూడా వస్తాయి. కల్వర్టు నోరు మూసుకుంటే ఎగువన నీరు లేస్తుంది, దిగువన తగ్గుతుంది. దిగువన మాత్రమే పరికరం పెట్టినవారికి గెడ్డ శాంతించినట్టు కనబడుతుంది, సరిగ్గా ఆ సమయంలోనే ఎగువ వీధి మునుగుతూ ఉంటుంది. కల్వర్టుకు రెండు వైపులా కొలత ఉంటే, ఆ రెంటి మధ్య తేడా పెరగడమే ఒక హెచ్చరిక. ఇది చెప్పేది వరద వస్తోందని కాదు, పార పట్టుకుని రమ్మని. నగర పాలక సంస్థ పారిశుధ్య సిబ్బందికి అందవలసిన కబురు ఇది.

పోటు లెక్క సులువు. విశాఖ పోర్టులో ఆటుపోట్లను దశాబ్దాలుగా కొలుస్తున్నారు, ఏ రోజు ఏ గంటకు పోటు వస్తుందో ముందే అచ్చువేసి ఉంటుంది. పల్లపు గెడ్డలకు పోటు వేళ ఒక హెచ్చరిక హద్దు, ఆటు వేళ మరో హద్దు పెట్టుకోవచ్చు. తుఫాను ఉప్పెన మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు.

జలాశయం విషయం అంత సులువు కాదు. మేఘాద్రి గెడ్డ జలాశయం పూర్తి మట్టం 61 అడుగులు. అది నగరానికి తాగునీరిచ్చే చెరువు, వేసవి కోసం వానకాలం చివరికి నిండుగా ఉండాలి. తుఫానులు వచ్చేదీ ఆ కాలంలోనే, అక్టోబరు, నవంబరుల్లో. నిండుకుండలోకి కొత్త నీరు వస్తే గేట్లెత్తడం తప్ప దారిలేదు. దిగువన ఉన్నవారికి అప్పుడు వరద వాన నుంచి కాక ఒక నిర్ణయం నుంచి వస్తుంది. గేటు తెరవబోతున్నట్టు దిగువ గోదాముల కాపలాదారులకు ఫోను రాకపోతే ఎన్ని మట్టమాపకాలు పెట్టినా అవి జరిగినదాన్ని నమోదు చేస్తాయంతే. పెద్ద ప్రవాహాల్లో జిల్లాల సరిహద్దులు కూడా అడ్డు వస్తాయి. 2022 ఏప్రిల్ 4 నాటి విభజన తరువాత గోస్తని అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి కొండల్లో పుట్టి, విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయం దాటి, విశాఖ జిల్లా భీమిలిలో సముద్రంలో కలుస్తోంది. నీటికి ఒకటే దారి, ఫైలుకు మూడు కలెక్టరేట్లు.

చట్టం దగ్గర వ్యాపారి జాగ్రత్తగా ఉండాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షను ప్రకారం తప్పుడు హెచ్చరిక చేసి జనంలో భయాందోళన కలిగిస్తే ఏడాది వరకు జైలు లేదా జరిమానా. మంచి మనసుతో సైరన్ మోగించినవారిని ఎవరూ జైల్లో వేయకపోవచ్చు, కానీ ఆ భయం చాలు ఎవరూ ముందుకు రాకపోవడానికి. అందుకే పని విభజన కాగితం మీద ఉండాలి. సంస్థ కొలత ఇస్తుంది, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తరఫున హెచ్చరిక వెలువడుతుంది. ఫలానా గీత దాటితే ఎవరినీ అడగకుండా సైరన్ మోగించవచ్చని ముందే రాసి ఉన్న అనుమతి ఒకటి కావాలి. అర్ధరాత్రి రెండు గంటలకు సంతకం కోసం వెతికితే 53 నిమిషాలు చాలవు.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల మాట తరచుగా వినబడుతుంది. కంపెనీల చట్టం ప్రకారం గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టవలసింది 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న సంస్థలు. విపత్తు నిర్వహణ ఆ ఖర్చుల జాబితాలో ఉంది. గెడ్డ ఒడ్డు వర్క్‌షాపు ఆ స్థాయికి రాదు, రానవసరమూ లేదు. పెద్ద కంపెనీ పరికరం కొనవచ్చు, చిన్న దుకాణం దాన్ని బతికించాలి. సాధారణంగా జరిగేది మొదటి సగమే: రిబ్బను కత్తిరింపు, ఫొటో, తరువాతి వానకాలానికి పెట్టెలో కందిరీగల గూడు. మరో రకం దాతలూ ఉంటారు. గెడ్డను సగం పూడ్చి భవనం లేపి, మిగిలిన సగానికి వరద హెచ్చరిక బోర్డు బహూకరించేవారు. అటువంటి చోట మొదట కొలవవలసింది నీటిని కాదు, గెడ్డ వెడల్పును.

కొలతలు అందరికీ కనబడాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది. ఫలానా కాలనీ దగ్గర నీరు ఏడాదిలో నాలుగుసార్లు గట్టు దాటిందని బహిరంగంగా కనబడితే అక్కడి ప్లాట్ల ధర పడిపోతుంది. స్థలాల వ్యాపారులకు అది నచ్చదు. సంస్థ తన సరుకు కాపాడుకోవడానికి మాత్రమే అంకెలను దాచుకుంటే అది సొంత తాళం, ఊరి కావలి కాదు. కొలతలు మొదటి రోజు నుంచీ నగర పాలక సంస్థకు, వార్డు సచివాలయానికి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాతావరణ శాస్త్ర విభాగం వంటి చోట్లకు ఒకేసారి చేరితేనే వాటిమీద నమ్మకం కుదురుతుంది.

కబురు చేరవేసే తీరుకు మంచి ఉదాహరణ అస్సాంలో ఉంది. జియాధల్, సింగోరా నదుల మీద నడిపిన పద్ధతిలో ఒడ్డున ఒక పరికరం, దగ్గరి ఇంట్లో దాని సంకేతం అందుకునే పెట్టె ఉంటాయి. ఆ ఇంటివారు దిగువ గ్రామాలకు, అధికారులకు ఫోను చేస్తారు. దీనికి 2014లో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పంద సంస్థ పురస్కారం దక్కింది. అందులోని ఎలక్ట్రానిక్స్ అద్భుతమేమీ కాదు. ఎవరు ఎవరికి ఫోను చేయాలో ముందే తేల్చుకున్నారు, అంతే. అమెరికాలో 2025 జులై 4న టెక్సాస్ రాష్ట్రంలోని గ్వాడలూప్ నది తెల్లవారుజామున ముక్కాలు గంటలో 26 అడుగుల దాకా లేచినప్పుడు ఆ ప్రాంతంలో వంద మందికి పైగా చనిపోయారు. ఫోన్లకు హెచ్చరికలు వెళ్లాయి, నిద్రలో ఉన్నవారు చూడలేదు. దిగువనున్న కంఫర్ట్ అనే చిన్న ఊళ్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళం సైరన్ మోగించింది, ఊరు ఖాళీ అయింది, అక్కడ ఎవరూ చనిపోలేదు. డబ్బున్న దేశంలో కూడా చివరికి పనికొచ్చింది చెవులు చిల్లులు పడే మోత.

విశాఖలో ఆ మోతకు కొరత లేదు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట, ఆటోకు కట్టిన లౌడ్‌స్పీకరు అన్నీ ఉన్నాయి. మాటలే సరిగా ఎంచుకోవాలి. "నీటిమట్టం 2.4 మీటర్లు" అంటే ఎవరూ మంచం దిగరు. "వంతెన మెట్లలో మూడోది మునిగింది, కింది వీధివారు బడి మేడమీదికి రండి" అంటే కదులుతారు. గాజువాక వైపు పారిశ్రామిక ప్రాంతాల్లో రేకుల షెడ్లలో ఉండేది ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీలు. ఒడియాలో, హిందీలో చెప్పని హెచ్చరిక వారి పాలిట వానచప్పుడే. వారిని పనిలో పెట్టుకున్న సంస్థకు వారి ఫోను నంబర్లు, భాష, ఏ షెడ్డులో ఎందరున్నారన్నదీ తెలుసు. ప్రభుత్వం దగ్గర ఆ లెక్క దొరకడం కష్టం.

కొత్తగా పెట్టిన వ్యవస్థ మొదటి వానకాలంలో నోరు మెదపకపోవడం మేలు. ఏ గీత దాటితే ఏ వీధిలోకి నీరు వస్తుందో ఒక్క ఏడాదైనా చూసి, పుస్తకంలో రాసుకుని, అప్పుడు హద్దులు పెట్టాలి. తొందరపడి పెట్టిన హద్దుకు నాలుగుసార్లు ఉత్తుత్తి సైరన్ మోగితే అయిదోసారి జనం దుప్పటి కప్పుకుని పడుకుంటారు. హద్దులు కూడా రెండంచెలుగా ఉండాలి, మొదటిది కాపలాదారుకు, అధికారులకు మాత్రమే తెలిసేది. వారు లేచి, టార్చి వేసి, గీత చూసి అవునంటేనే రెండోది.

ఆ తరువాత మిగిలేది ఏటా మే నెలలో చేయవలసిన పని. సముద్రపు ఉప్పుగాలికి తుప్పుపట్టిన బిగింపులు మార్చాలి, బ్యాటరీ మబ్బు పట్టిన అయిదారు రోజులు సౌరఫలకం లేకుండా నిలుస్తుందో లేదో చూడాలి, స్తంభం మీద గీతలకు మళ్లీ రంగు వేయాలి. వానమాపకాన్ని పరీక్షించడానికి ఇంజనీరు అవసరం లేదు. 20 సెంటీమీటర్ల వ్యాసం గరాటు, అర మిల్లీమీటరుకు ఒకసారి తూగే చిన్న దోనె ఉన్న రకమైతే, కొలిచిన లీటరు నీళ్లను సన్నని ధారగా పోస్తే అది సుమారు 64 సార్లు టక్కుమనాలి. యాభైకే ఆగిపోతే లోపల సాలెగూడో ఎర్రమట్టి దుమ్మో పట్టిందని అర్థం. విప్పి, తుడిచి, మళ్లీ ఒక లీటరు పోసి లెక్కపెట్టడానికి వర్క్‌షాపు కుర్రాడికి పట్టేది అరగంట.